వెస్ట్ పాయింట్‌లో 2వ ర్యాంకు మెక్లెలన్, 21వ ర్యాంకు గ్రాంట్: తేడా ఎక్కడ కొట్టింది?

పొటోమాక్_శ్రీను | శనివారం రాత్రి 9:40

మేముండేది మేరీల్యాండ్‌లో. పోయిన వారం మా వాణ్ణి తీసుకుని షార్ప్స్‌బర్గ్ వెళ్లొచ్చాను. యాంటీటమ్ యుద్ధం జరిగిన ఊరు. వాడికి ఎనిమిదో తరగతిలో ప్రాజెక్టు ఇచ్చారు: అమెరికా అంతర్యుద్ధంలో ఇద్దరు జనరల్స్‌ని తీసుకుని వాళ్ల కెరీర్లు పోల్చాలి. క్లాసులో సగం మంది ఉత్తరాది గ్రాంట్, దక్షిణాది లీ అని రాసేసుకున్నారట. నువ్వు గ్రాంట్, మెక్లెలన్ తీసుకోరా అన్నాను. ఇద్దరిదీ ఒకే సైన్యం, ఒకే కాలేజీ. ఇద్దరూ మెక్సికో యుద్ధంలో పనిచేశారు. ఇద్దరూ 1850ల్లో ఉద్యోగం మానేసి బయటికెళ్లి 1861లో మళ్లీ యూనిఫారం వేసుకున్నారు.

కాగితం మీద చూస్తే మాత్రం అసలు పోలికే లేదు. జార్జ్ మెక్లెలన్ ఫిలడెల్ఫియాలో పేరున్న సర్జన్ కొడుకు. 13 ఏళ్లకే పెన్సిల్వేనియా యూనివర్సిటీలో చేరాడు. 15 ఏళ్లకి వెస్ట్ పాయింట్ సైనిక కాలేజీ, అదీ వయసు చాలకపోయినా మినహాయింపు ఇచ్చి మరీ. 1846 బ్యాచ్‌లో 59 మందికి రెండో ర్యాంకు. క్రిమియా యుద్ధం ఎలా జరిగిందో చూసి రమ్మని ప్రభుత్వం 1855లో ఐరోపాకి పంపింది. వచ్చాక ఆయన చెప్పిన నమూనాతో చేసిన గుర్రపు జీను సైన్యంలో దశాబ్దాల పాటు వాడారు. 34 ఏళ్లకి మొత్తం యూనియన్ (ఉత్తరాది) సైన్యానికి అధిపతి.

యులిసీస్ గ్రాంట్ ఒహాయోలో తోళ్ల వ్యాపారి కొడుకు. 1843 బ్యాచ్, 39 మందిలో 21. 1854లో రాజీనామా. ఆ తర్వాత ఏడేళ్లు పట్టిందల్లా మట్టే.

చివరికి ఏమైందో అందరికీ తెలుసు: మెక్లెలన్‌ని తీసేశారు, గ్రాంట్ యుద్ధం గెలిచి అధ్యక్షుడయ్యాడు. ఎందుకలా అయిందో మా వాడికి చెప్పబోయి నాకే సరిగ్గా తెలియదని అర్థమైంది. నేను ప్రాజెక్ట్ మేనేజర్ని కాబట్టి మెక్లెలన్ మీద కొంచెం పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను. బుల్ రన్ యుద్ధంలో ఓడి చెల్లాచెదురై వచ్చిన గుంపుని నాలుగు నెలల్లో సైన్యంగా తయారుచేసినవాడు ఆయనే కదా. మీరేమంటారు?

బెజవాడ_బుల్లోడు | శనివారం రాత్రి 9:52

అంటే టాపర్ ప్లానింగ్‌లో ఉండిపోయాడు, బ్యాక్‌బెంచ్ వాడు ప్రొడక్షన్‌కి వెళ్లిపోయాడు. మా ఆఫీసులో రోజూ చూసే కథే 😀

పాతపుస్తకం | శనివారం రాత్రి 10:35

శ్రీను గారూ, మంచి జంటని పట్టుకున్నారు. వీళ్ల దారులు మధ్యలో చాలాసార్లు తగులుకున్నాయి. ప్రాజెక్టులో అవే పెట్టించండి.

మొదటిసారి మెక్సికో యుద్ధంలో. మెక్లెలన్ ఇంజినీరు, గ్రాంట్ రెజిమెంటులో క్వార్టర్‌మాస్టర్. అంటే కంచరగాడిదలు, బళ్లు, పిండి బస్తాలు చూసుకునే పని. ఇద్దరికీ ధైర్యానికి గుర్తింపు దొరికింది. గ్రాంట్ మెక్సికో నగరం గేటు దగ్గర ఒక చర్చి గంటగోపురం మీదికి చిన్న ఫిరంగి ఎక్కించి కాల్చాడు.

రెండోది 1853లో, పసిఫిక్ తీరాన ఫోర్ట్ వాంకూవర్‌లో. పసిఫిక్ రైలు మార్గం కోసం కాస్కేడ్ కొండల్లో కనుమలు వెతికే బృందానికి నాయకుడు మెక్లెలన్. వాళ్లకి సామాను సర్దిపెట్టిన క్వార్టర్‌మాస్టర్ గ్రాంట్. ఆ సమయంలో గ్రాంట్ తాగి కనిపించాడని, మెక్లెలన్‌కి అది అస్సలు నచ్చలేదని ఆ బృందంలోని ఒక అధికారి చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు.

కానీ ఆ యాత్రలో నాకు ముఖ్యమనిపించేది వేరే. కనుమలో మంచు చాలా లోతని స్థానికులు చెబితే మెక్లెలన్ స్వయంగా వెళ్లి చూడకుండానే వెనక్కి తిరిగాడు. కొన్ని వారాలకే, 1854 జనవరిలో, అదే సర్వేలో పనిచేసే ఇంకొకతను మంచుబూట్లు కట్టుకుని ఆ కనుమ దాటేశాడు. మంచు చెప్పినంత లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ వస్తుంది.

మూడోసారి 1861 వేసవిలో సిన్సినాటీలో. అప్పటికి మెక్లెలన్ ఇల్లినాయి సెంట్రల్ రైల్వేలో చీఫ్ ఇంజినీరుగా, వైస్ ప్రెసిడెంటుగా చేసి, ఇంకో రైల్వేకి మారి, యుద్ధం రాగానే నేరుగా మేజర్ జనరల్ అయ్యాడు. గ్రాంట్ సెయింట్ లూయిస్ వీధుల్లో కట్టెలమ్మి, 1857 క్రిస్మస్ ముందు బంగారు గడియారం 22 డాలర్లకి తాకట్టుపెట్టి, చివరికి గెలీనాలో నాన్నగారి తోళ్ల దుకాణంలో తమ్ముళ్లతో కలిసి పనిచేస్తున్నాడు. మెక్లెలన్ స్టాఫ్‌లో ఏదైనా ఉద్యోగం దొరుకుతుందేమో అని ఆయన ఆఫీసుకి రెండుసార్లు వెళ్లాడు. రెండుసార్లూ దర్శనం కాలేదు. తిరిగొచ్చేశాడు. ఈ సంగతి గ్రాంట్ తన జ్ఞాపకాల్లో కోపం లేకుండా రెండు ముక్కల్లో రాసి వదిలేశాడు.

బెజవాడ_బుల్లోడు | శనివారం రాత్రి 10:41

రిసెప్షన్‌లో కూర్చోబెట్టి పంపేశారన్నమాట. ఆ కుర్చీ మ్యూజియంలో పెట్టాలి.

అవునూ, గ్రాంట్ తాగుడు వల్లే ఉద్యోగం పోగొట్టుకున్నాడంటారు, నిజమేనా?

పాతపుస్తకం | శనివారం రాత్రి 10:58

అలా అన్నవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ రాజీనామా కాగితంలో కారణమే రాయలేదు. భార్యా పిల్లలు రెండువేల మైళ్ల దూరంలో, జీతం చాలదు, కెప్టెన్ హోదా కాగితం చేతికొచ్చిన రోజే రాజీనామా రాశాడు. తాగాడా అంటే తాగాడు. అదొక్కటే కారణమా అంటే ఎవరూ తేల్చలేదు.

మాజీ_సుబేదార్ | ఆదివారం ఉదయం 6:15

నేను ఆర్మీ సర్వీస్ కోర్‌లో 26 ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఇప్పుడు అనంతపురంలో ఉంటున్నాను. రేషను, పెట్రోలు, బళ్లు, అదే మా బతుకు. అందుకని క్వార్టర్‌మాస్టర్ అనే మాట వినగానే ఆగాను.

శ్రీను బాబూ, నువ్వు మెక్లెలన్‌ని మెచ్చుకోవడంలో తప్పు లేదు. 1862 వసంతంలో ఆయన లక్షా ఇరవై వేల మందిని, 14 వేలకు పైగా గుర్రాలని, గాడిదలని, 1,200 బళ్లని, ఫిరంగులని ఓడలెక్కించి వర్జీనియా ద్వీపకల్పంలో దింపాడు. మూడు వారాల్లో. ఆ రోజుల్లో అది మామూలు పని కాదు. నాలాంటివాడు టోపీ తీసి సలాం కొట్టాల్సిందే.

దిగిన తర్వాత సంగతి చూడు. యార్క్‌టౌన్‌లో ఎదురుగా ఉన్నది మాగ్రూడర్ అనే ఆయన. చేతిలో పదమూడు వేల మంది. ఆయనకి నాటకాల పిచ్చి. ఉన్న జనాన్నే అడవి సందులో ఒకచోట కనబడేలా నడిపించి, చుట్టూ తిప్పి మళ్లీ అక్కడే నడిపించాడు. రాత్రిళ్లు బ్యాండు మేళం, లేని దళాలకి కేకలేసి ఆర్డర్లు. మెక్లెలన్ నమ్మాడు. లక్షమందితో నెలరోజులు కందకాలు తవ్వుతూ, పెద్ద ఫిరంగులు తెప్పించుకుంటూ కూర్చున్నాడు. రేపు కాల్పులు మొదలెడదామనగా అవతలివాళ్లు రాత్రికి రాత్రి ఖాళీచేసి వెళ్లిపోయారు. పాతపుస్తకం గారు చెప్పిన మంచు ఇదే అనుకుంటా.

పాతపుస్తకం | ఆదివారం ఉదయం 7:02

సరిగ్గా పట్టుకున్నారు సుబేదార్ గారూ. దానికి తోడు డిటెక్టివ్ పింకర్టన్ ఒకడు. శత్రువు సంఖ్య గోరంత ఉంటే కొండంత చేసి లెక్కలు పంపేవాడు. లీ దగ్గర రెండు లక్షల మంది ఉన్నారని మెక్లెలన్ నిజంగానే నమ్మాడు. అందులో సగం కూడా లేరు.

వరంగల్_వంశీ | ఆదివారం ఉదయం 9:20

నేను కొంచెం అడ్డం తిరుగుతాను. అందరూ మెక్లెలన్‌ని పిరికివాడంటున్నారు. మరి గ్రాంట్‌ని ఆ రోజుల్లో పేపర్లు కసాయి అన్నాయి కదా, దాని సంగతేంటి?

1864 మే, జూన్ నెలల్లో లీ మీదకి పోయినప్పుడు యూనియన్ నష్టం 50 వేలు దాటింది. కోల్డ్ హార్బర్‌లో జూన్ 3 పొద్దున కందకాల్లో ఉన్నవాళ్ల మీదకి మనుషుల్ని ఎదురు పంపాడు. వేలమంది పడిపోయారు. ముందురోజు రాత్రి సైనికులు పేర్లు రాసిన చీటీలు చొక్కాలకి కుట్టుకున్నారని చదివాను, శవాన్ని గుర్తుపట్టడానికి. షైలోలో 1862 ఏప్రిల్ 6 పొద్దున గ్రాంట్ సైన్యం కాఫీ కాచుకుంటుండగా దాడి జరిగింది. కందకాలు లేవు, గస్తీ సరిగా లేదు. ఆయన నది దిగువన తొమ్మిది మైళ్ల దూరంలో ఉన్నాడు. యూనియన్ నష్టం 13 వేలు.

మెక్లెలన్ చేతిలో ఉన్నవాళ్లు ప్రాణాలతో ఇంటికెళ్లే అవకాశం ఎక్కువ. సైనికులు ఆయన కనబడితే టోపీలు ఎగరేసేవాళ్లు. ఊరికే ఎగరేస్తారా?

మాజీ_సుబేదార్ | ఆదివారం ఉదయం 9:48

వంశీ బాబూ, కోల్డ్ హార్బర్ తప్పే. గ్రాంట్ చచ్చేముందు కూడా ఆ చివరి దాడి చేయించినందుకు ఎప్పుడూ బాధపడుతూనే ఉన్నానని రాసుకున్నాడు. అది దాచక్కర్లేదు.

ఇప్పుడు నువ్వు చెప్పిన టోపీల సంగతి. 1862 జూన్ ఆఖరులో దక్షిణాది రాజధాని రిచ్మండ్ బయట ఏడురోజుల యుద్ధం. లీ రోజూ మీద పడుతున్నాడు. చివరిరోజు మాల్వర్న్ హిల్ మీద యూనియన్ ఫిరంగులు ఆయన దళాలని ఊచకోత కోశాయి. ఏడురోజులూ కలిపి లెక్కేస్తే దక్షిణంవాళ్ల నష్టమే ఎక్కువ, దాదాపు 20 వేలు. మెక్లెలన్‌ది 16 వేలు. గెలిచినవాడు ఏం చేశాడు? వెనక్కి నడవమన్నాడు. ఆ నడకలో ఆసుపత్రి గుడారాల్లోని గాయపడ్డవాళ్లని రెండువేలకు పైగా అక్కడే శత్రువుకి వదిలేశారు.

రెండేళ్ల తర్వాత, 1864 మేలో వైల్డర్‌నెస్ అడవి. రెండురోజుల్లో గ్రాంట్ 17 వేలు పోగొట్టుకున్నాడు. మెక్లెలన్ కన్నా ఎక్కువ. సైన్యం రాత్రిపూట ఒక నాలుగురోడ్ల కూడలికొచ్చింది. ఎడమకి తిరిగితే ఇంటిదారి, అంతకుముందు ప్రతి జనరల్ అటే తిప్పాడు. గ్రాంట్ దక్షిణానికి తిప్పాడు. ఆ చీకట్లో, అంత దెబ్బతిన్న తర్వాత, సైనికులు కేకలేసి పాటలు పాడారు. అవీ టోపీలే.

సిపాయి చావుకి భయపడతాడు బాబూ. ఊరికే చావడానికి ఇంకా భయపడతాడు.

వరంగల్_వంశీ | ఆదివారం ఉదయం 10:05

సుబేదార్ సాబ్, ఆ చివరి మాటకి నా దగ్గర జవాబు లేదు. కానీ షైలో విషయం వదలను.

పాతపుస్తకం | ఆదివారం ఉదయం 10:30

వదలొద్దు, షైలో గ్రాంట్ మీద నిజమైన మచ్చ. కానీ ఆ రాత్రి ఏమైందో కూడా చెప్పుకోవాలి. వాన, సైన్యం నది ఒడ్డుకి నెట్టబడింది. గ్రాంట్ కింద పనిచేసే జనరల్ షెర్మన్ వచ్చి వెనక్కి తగ్గుదామా అని అడగబోయి, చెట్టు కింద చుట్ట నోట్లో పెట్టుకుని నిలబడ్డ గ్రాంట్‌ని చూసి మాట మార్చి, ఇవాళ మనకి నరకమే అయింది కదా అన్నాడు. గ్రాంట్, అవును, రేపు వాళ్లని కొడదాం అన్నాడు. కొట్టాడు.

శ్రీను గారి ప్రశ్నకి నా జవాబు ఇంకా వెనకుంది. 1861 జులై, మిస్సోరీ. గ్రాంట్ అప్పుడు 21వ ఇల్లినాయి రెజిమెంటుకి కల్నల్, చేతిలో వెయ్యిమంది కూడా ఉండరు. హ్యారిస్ అనే శత్రు కల్నల్ శిబిరం మీదకి వెళ్లాలి. కొండ ఎక్కుతుంటే గుండె పైకి పైకి వచ్చి గొంతులో కూర్చుందని, ఇల్లినాయిలో ఉంటే బాగుండు అనిపించిందని, ఆగమని చెప్పే ధైర్యం లేక నడిచానని ఆయనే రాశాడు. పైకెక్కి చూస్తే శిబిరం ఖాళీ. హ్యారిస్ ముందే పారిపోయాడు. నేను వాడికి ఎంత భయపడ్డానో వాడూ నాకు అంతే భయపడ్డాడని అప్పుడు తట్టిందట. ఆ తర్వాత ఏ యుద్ధంలోనూ శత్రువుని చూసి వణకలేదని రాశాడు.

మెక్లెలన్‌కి అలాంటి ఖాళీ శిబిరం దొరకలేదు. వెయ్యిమందితో నేర్చుకోవాల్సినది లక్షమందితో నేర్చుకోవాల్సి వచ్చింది. అదీ వాషింగ్టన్ అంతా చూస్తుండగా.

కావలి_కల్యాణి | ఆదివారం మధ్యాహ్నం 1:10

అందరూ ఫిరంగులు, బళ్లు అంటున్నారు. నేను ఉత్తరాల మనిషిని. మెక్లెలన్ భార్య నెల్లీకి రోజూ రాసేవాడు. ఆ ఉత్తరాలు చదివితే మనిషి మొత్తం తెలిసిపోతాడు. లింకన్‌ని గొరిల్లా అన్నాడు. మంత్రులు మూర్ఖులన్నాడు. దేశం తనని కాపాడమని నన్ను అడుగుతోంది, నేనే కాపాడాలి అని రాశాడు. 1861 నవంబరులో ఒక రాత్రి లింకన్ ఇంటికొచ్చి హాల్లో కూర్చుంటే, బయటినుంచి వచ్చి పైకెళ్లి పడుకున్నాడు. అరగంట తర్వాత పనివాడు వచ్చి, దొరగారు నిద్రపోయారండి అన్నాడు. మన ఇళ్లల్లో అల్లుడు కూడా అంత చేయడు.

ఇంకోటి, ఇది గాసిప్పే అయినా నిజం. నెల్లీని అంతకుముందు ఏ.పి. హిల్ ప్రేమించాడు. హిల్ వెస్ట్ పాయింట్‌లో మెక్లెలన్ రూమ్మేటు. నెల్లీ అమ్మానాన్నలకి హిల్ నచ్చలేదు. 1860లో మెక్లెలన్‌తో పెళ్లయింది. రెండేళ్ల తర్వాత యాంటీటమ్‌లో సాయంత్రం, లీ కుడిపక్క కూలిపోయే సమయానికి హార్పర్స్ ఫెర్రీ నుంచి 17 మైళ్లు పరుగుమీద వచ్చి ఆదుకున్నది ఎవరనుకున్నారు? ఆ హిల్లే.

బెజవాడ_బుల్లోడు | ఆదివారం మధ్యాహ్నం 1:14

కల్యాణక్కా, ఇంత మసాలా దాచుకుని ఇప్పటిదాకా ఎందుకు ఊరుకున్నావ్!

పొటోమాక్_శ్రీను | ఆదివారం సాయంత్రం 4:30

యాంటీటమ్ అన్నారు కాబట్టి చూసొచ్చినవాడిగా నాలుగు మాటలు. ఫొటోల్లో అర్థం కాదు, నేల చాలా చిన్నది. మొక్కజొన్న చేను నుంచి పల్లపు దారికి, అక్కణ్ణుంచి బర్న్‌సైడ్ వంతెనకి తీరిగ్గా నడిచి అరపూటలో తిరిగేశాం. ఆ కాస్త నేలమీద 1862 సెప్టెంబర్ 17న ఒక్కరోజులో రెండువైపులా కలిపి దాదాపు 23 వేలమంది చావడమో గాయపడడమో మాయమవడమో జరిగింది. వంతెన చూస్తే మా వాడికి నవ్వొచ్చింది, వాగు కాలువంత ఉంది. అవతలి గట్టు మీద అయిదొందలమంది కూడా లేని జార్జియా వాళ్లు మూడుగంటలు ఒక కోర్ (వేలమంది ఉండే దళం) మొత్తాన్ని ఆపారు.

నన్ను తొలిచేది వేరే. దానికి నాలుగురోజుల ముందే లీ ప్లాన్ మొత్తం మెక్లెలన్ చేతికొచ్చింది. మూడు చుట్టలకి చుట్టిన కాగితం, పొలంలో ఒక సిపాయికి దొరికింది. లీ సైన్యం ముక్కలుముక్కలుగా ఎక్కడెక్కడ ఉందో అందులో ఉంది. అయినా కదలడానికి పద్దెనిమిది గంటలు పట్టింది. యుద్ధంరోజున లీ దగ్గర 40 వేలకి లోపే. మెక్లెలన్ దగ్గర దాదాపు రెట్టింపు. అందులో రెండు కోర్‌లని దాదాపు వాడనే లేదు. మర్నాడు లీ అక్కడే నిలబడితే దాడి చేయలేదు. ఆ రాత్రి లీ నది దాటిపోయాడు. తర్వాత ఐదువారాలు మెక్లెలన్ కదల్లేదు. గుర్రాలు అలిసిపోయాయని టెలిగ్రాం కొడితే లింకన్, యాంటీటమ్ తర్వాత మీ గుర్రాలు అలిసిపోయేంత పని ఏం చేశాయో అడిగితే క్షమిస్తారా అని తిరుగు టెలిగ్రాం ఇచ్చాడు. నవంబరులో తీసేశారు.

నా ప్రాజెక్ట్ మేనేజర్ పక్షపాతం ఆ వంతెన దగ్గరే వదిలేశాను.

వరంగల్_వంశీ | ఆదివారం సాయంత్రం 5:15

ఆ యుద్ధం పూర్తిగా గెలవకపోయినా, లీ వెనక్కి పోయాడు కాబట్టే ఐదురోజుల తర్వాత లింకన్ బానిస విముక్తి ప్రకటన బయటపెట్టగలిగాడు. ఆ మాత్రం క్రెడిట్ మెక్లెలన్‌కి ఇవ్వండి. తర్వాత వచ్చిన బర్న్‌సైడ్, హుకర్ ఇద్దరూ లీ చేతిలో ఆయన కంటే ఘోరంగా తిన్నారు.

గుంటూరు_గురవయ్య | ఆదివారం రాత్రి 8:00

క్రెడిట్ ఇద్దాం. కానీ ఆ విముక్తి మెక్లెలన్‌కి ఇష్టం లేదు, అది కూడా రాయాలి. 1862 జులైలో లింకన్ శిబిరానికొస్తే చేతికొక ఉత్తరం ఇచ్చాడు, బానిసత్వం జోలికి వెళ్లొద్దని. 1864లో డెమోక్రాట్ల తరఫున లింకన్ మీదే పోటీ చేశాడు. లింకన్‌కి 212 ఎలక్టోరల్ ఓట్లొస్తే ఆయనకి వచ్చినవి 21. టోపీలెగరేసిన సైనికులే, విడిగా లెక్కపెట్టిన ఓట్లలో నాలుగింట మూడొంతులకు పైగా లింకన్‌కి వేశారు. వంశీ, టోపీల లెక్క అక్కడ తేలింది.

గ్రాంట్ కూడా పుట్టుకతో మహాత్ముడేం కాదు. మామగారిది బానిసల ఇల్లు. విలియం జోన్స్ అనే ఒక మనిషి గ్రాంట్ పేరునే బానిసగా ఉన్నాడు. 1859లో, ఇంట్లో చిల్లిగవ్వ లేని రోజుల్లో, అమ్మితే వందల డాలర్లు వచ్చే మనిషిని కోర్టుకెళ్లి విడుదల చేశాడు. తర్వాత నల్లజాతి సైనికులని సమర్థించాడు. అధ్యక్షుడయ్యాక కు క్లక్స్ క్లాన్ అనే జాత్యహంకార ముఠా మీదకి సైన్యాన్ని పంపాడు. కానీ 1862 డిసెంబరులో తన పరిధిలోని యూదులందరినీ వెళ్లగొట్టమని ఆర్డరిచ్చింది కూడా ఈయనే. లింకన్ రద్దు చేయించాడు. పిల్లాడి చార్టులో అదీ ఉండాలి. ర్యాంకుల గొడవలో పడి వాళ్లు దేనికోసం కొట్టుకున్నారో మర్చిపోతున్నాం.

పాతపుస్తకం | ఆదివారం రాత్రి 8:40

గురవయ్య గారు మంచి సమయంలో వచ్చారు.

నేను చెప్పడం మర్చిపోయిన నాలుగో కలయిక ఒకటుంది, ఇది అసలైనది. 1862 ఫిబ్రవరిలో గ్రాంట్ ఫోర్ట్ డోనెల్సన్ పట్టుకున్నాడు. ఉత్తరానికి అదే మొదటి పెద్ద గెలుపు. పన్నెండు వేలకు పైగా ఖైదీలు. రెండు వారాలకి గ్రాంట్ పైఅధికారి హాలెక్, ఇతను రిపోర్టులు పంపడం లేదని సైన్యాధిపతి మెక్లెలన్‌కి ఫిర్యాదు చేశాడు. మెక్లెలన్ జవాబు: అవసరమైతే వెంటనే అరెస్టు చేయడానికి వెనకాడవద్దు. టెలిగ్రాఫ్ లైనులో గ్రాంట్ రిపోర్టులు ఎక్కడో ఆగిపోయాయని తర్వాత తేలింది. దేశానికి ఒక్క గెలుపు తెచ్చినవాణ్ణి అరెస్టు చేయమన్నవాడు, అప్పటికి ఆ ఏడాది తను ఒక్క యుద్ధం కూడా చేయలేదు.

మాజీ_సుబేదార్ | ఆదివారం రాత్రి 9:05

మా దళంలోనూ ఇలాంటిది చూశాను. పేర్లు వద్దు. రిటర్నులు టైముకి పంపినవాడు మంచివాడు, రేషను టైముకి పంపినవాడు లేటువాడు.

క్వార్టర్‌మాస్టర్ మాట మళ్లీ ఎత్తుతున్నా. 1862 డిసెంబరులో శత్రు గుర్రపుదళం హోలీ స్ప్రింగ్స్‌లో గ్రాంట్ గోదాము మొత్తం తగలబెట్టింది. ఆయన ఏం చేశాడు? చుట్టుపక్కల పల్లెల నుంచి తిండి సేకరించమన్నాడు. అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ దొరికింది. అరే, ఇంతే కదా అనుకున్నాడు. మరుసటి ఏడాది వసంతంలో విక్స్‌బర్గ్ కోటకి దిగువన నది దాటి, సరఫరా లైను దాదాపు వదిలేసి, పదిహేడు రోజుల్లో ఐదు యుద్ధాలు గెలిచాడు. 47 రోజుల ముట్టడి తర్వాత 1863 జులై 4న 29 వేలమంది లొంగిపోయారు. సామాను విలువ తెలిసినవాడే సామాను వదిలి నడవగలడు. మెక్లెలన్‌కి సామాను పోగుచేయడం వచ్చు, వదలడం రాలేదు.

సెయింట్‌లూయిస్_సుబ్బు | ఆదివారం రాత్రి 10:20

ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. మా ఊళ్లో గ్రాంట్ తన చేత్తో దుంగలు చెక్కి కట్టుకున్న ఇల్లు ఇప్పటికీ ఉంది. ఆయనే దానికి హార్డ్‌స్క్రాబుల్ అని పేరు పెట్టుకున్నాడు, అంటే గీకినా గింజ రాని నేల అని. ఆ ఇల్లున్న పార్కుకి పిల్లల్ని తీసుకెళ్తే మేకలకి పాలు పట్టించి, ఈ ఇంటిని బస్సులోంచి చూసేసి వచ్చేస్తాం. ఈసారి దిగి చూస్తాను.

అలాగే 1879లో ప్రపంచయాత్రలో గ్రాంట్ మన దేశం కూడా వచ్చాడు. బొంబాయిలో దిగి ఆగ్రా, ఢిల్లీ, కాశీ, కలకత్తా చూసుకుని బర్మా వెళ్లిపోయాడు. మద్రాసు వైపు రాలేదు.

పాతపుస్తకం | ఆదివారం రాత్రి 10:45

సుబ్బు గారు ఆ యాత్ర గుర్తుచేయడం బాగుంది. ఆ ప్రయాణంలోనే వెంట ఉన్న విలేఖరి మెక్లెలన్ గురించి అడిగాడు. యుద్ధంలో నాకు అర్థంకాని రహస్యాల్లో మెక్లెలన్ ఒకడన్నాడు గ్రాంట్. కానీ అక్కడ ఆపలేదు. మొదట్లోనే అంత భారం ఎవరి నెత్తిన పడిందో ఆలోచించాలి, షెర్మన్‌లాగా, థామస్‌లాగా కిందినుంచి పోరాడుతూ పైకొచ్చి ఉంటే ఆయన కూడా మాలో ఎవరికీ తీసిపోయేవాడు కాడేమో అన్నాడు. ఒకప్పుడు తనని గుమ్మంలో నిలబెట్టి పంపినవాడి గురించి.

వరంగల్_వంశీ | ఆదివారం రాత్రి 10:52

ఇది నేను అనాల్సిన మాట. గ్రాంటే అనేశాడు.

కావలి_కల్యాణి | సోమవారం ఉదయం 8:30

చివరి రోజులు కూడా కలుస్తాయి. మెక్లెలన్ 1878 నుంచి 1881 దాకా న్యూజెర్సీ గవర్నరు, మంచి పేరే తెచ్చుకున్నాడు. గ్రాంట్ రెండుసార్లు అధ్యక్షుడు. చుట్టూ ఉన్నవాళ్ల అవినీతి ఆయన నెత్తికి చుట్టుకుంది. 1884లో భాగస్వామి మోసంతో వాల్ స్ట్రీట్ కంపెనీ మునిగి మళ్లీ కట్టెలమ్మిన రోజులకొచ్చాడు. గొంతు క్యాన్సర్. భార్యకి ఏదో ఒకటి మిగల్చాలని జ్ఞాపకాలు రాయడం మొదలుపెట్టి, పూర్తిచేసిన కొద్దిరోజులకే పోయాడు. అచ్చేసింది మార్క్ ట్వేన్ కంపెనీ. భార్య జూలియాకి నాలుగు లక్షల డాలర్లకు పైగా వచ్చాయి.

మెక్లెలన్ రాసుకున్న మొదటి ప్రతి 1881లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. మళ్లీ మొదలుపెట్టి, పూర్తికాకుండానే పోయాడు. స్నేహితుడొకరు సర్ది 1887లో బయటికి తెచ్చారు, అదే ట్వేన్ కంపెనీ నుంచి. ఒకటి చదివితే మనిషి మీద గౌరవం పెరుగుతుంది. రెండోది చదివితే, పక్కన కూర్చుని ఇక చాలు నాయనా అనాలనిపిస్తుంది.

పొటోమాక్_శ్రీను | సోమవారం సాయంత్రం 6:10

అందరికీ నమస్కారాలు. మా వాడు మొత్తం చదివించుకుని విన్నాడు. చార్టు మధ్యలో రెండు రైలుపట్టాలు గీసి, అవి కలిసిన నాలుగుచోట్ల స్టేషన్లు పెట్టాడు: మెక్సికో, ఫోర్ట్ వాంకూవర్, సిన్సినాటీ, అరెస్టు టెలిగ్రాం. చివరి స్టేషను 1885: గ్రాంట్ జులై 23, మెక్లెలన్ అక్టోబర్ 28. యూదుల ఆర్డరు, బానిసత్వం ఉత్తరం రెండూ ఎర్ర ఇంకుతో రాశాడు గురవయ్య గారూ. ఏ.పి. హిల్ ప్రేమకథ మాత్రం టీచరు ఒప్పుకోదని వదిలేశాం.

పాతపుస్తకం | సోమవారం సాయంత్రం 6:25

మెక్లెలన్ పోయింది అక్టోబర్ 29. ప్రింటు తీసేలోపు దిద్దించండి.

పొటోమాక్_శ్రీను | సోమవారం సాయంత్రం 6:27

ప్రింటు తీసేశామండీ. వైట్‌నర్ పెట్టి దిద్దుతున్నాడు.